మూడో అంకం జోడు

మా వదినకీ నాకూ ముప్పై ఏళ్ళుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు నయం. కథ సగం విన్నాక నన్ను మంచివాడనుకుని, ఆఖర్న మోసపోయామని ఎవరూ అనకూడదు.

నేను జోళ్ళు బాగుచేస్తాను. నాటకశాల వెనక వీధిలో మేడమెట్ల కింద, రెండు మెట్లు దిగితే నా షాపు. పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు ఐదు. ఇద్దరు కస్టమర్లు ఒకేసారి వస్తే ఒకరు వీధిలో నిలబడాల్సిందే. లోపలంతా జిగురు వాసన, పాలిష్ వాసన. ఎడమపక్క మడమలు అరగదీసే మోటారు, కుడిపక్క గోడకి ఒక అద్దాల పెట్టె. ఆ పెట్టెలో, ఒకప్పుడు లేత గులాబీరంగులో ఉండి ఇప్పుడు టీ ఒలికిన గుడ్డలా మారిన శాటిన్ జోడు ఉంది. ఆడవాళ్ళు మునివేళ్ళ మీద నిలబడి ఆడే బ్యాలే జోడు. దాని గురించి చెబుతూ ఎంతమంది రిపేర్లు ఆలస్యం చేశానో లెక్కలేదు.

బ్యాలే పిచ్చి నాకు పందొమ్మిదో ఏట పట్టుకుంది. వానకి తలదాచుకుందామని అన్నిటికన్నా చవక టికెట్టు కొని నాటకశాల పైగ్యాలరీ ఎక్కాను. వాన వెలిసినా దిగలేదు. ఇప్పటికీ దిగలేదనే అంటాడు మా అన్నయ్య. పైగ్యాలరీలో కుర్చీలుండవు. ఇనుప కమ్మీ పట్టుకుని మూడున్నర గంటలు నిలబడాలి. కింద మెత్తటి కుర్చీల్లో కూర్చునేవాళ్ళు వాళ్ళ నగలు చూపించుకోడానికి వస్తారు. చూడ్డానికి వచ్చేది మేమే.

మడమ ఊడిన చెప్పు పట్టుకుని నా షాపుకి ఎవరొచ్చినా, పని అయ్యేలోపు రెండు వందల ఏళ్ళ చరిత్ర వాళ్ళ చెవిన పడుతుంది. మొదట్లో ఈ జోళ్ళ ముందు భాగం గట్టిగా ఉండేది కాదనీ, ఆడేవాళ్ళే అక్కడ దారంతో దట్టంగా కుట్టుకుని ఆ కుట్ల బలం మీదే నిలబడేవాళ్ళనీ చెబుతాను. గ్యాసు దీపాల కాలంలో పల్చటి గౌన్లకి నిప్పంటుకుని కాలిపోయిన పిల్లల గురించి చెబుతాను. ఒక మహానర్తకి ఊరు విడిచి వెళ్ళిపోతుంటే అభిమానులు ఆవిడ జోడు కొనుక్కుని, ఉడికించి, మసాలా వేసి తిన్నారని పుస్తకాల్లో ఉంది. జోళ్ళలో ఏ జిగురు పడుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి నేనైతే తినను. కానీ వాళ్ళ బాధ నాకు బాగా తెలుసు.

గ్యాలరీలో మాకొక ఆచారం ఉంది. దీపాలు ఆరకముందే, గుమ్మం దగ్గర ఇచ్చే అచ్చు కాగితం చూసి, ఎవరు ఏ వేషం వేస్తున్నారో నోటుబుక్కులో సిరాతో రాసేసుకోవాలి. చీకట్లో రాయడం కుదరదు. ఇంటికెళ్ళి రాస్తే జ్ఞాపకం బొంకుతుంది. విరామంలో మాత్రం ఎలా ఆడారో ఒకటి రెండు ముక్కలు రాసుకోవచ్చు. సిరాతో రాసింది కొట్టెయ్యకూడదు. అలా నా దగ్గర పద్దెనిమిది నోటుబుక్కులు ఉన్నాయి. అందుకే గ్యాలరీలో నా పేరు రిజిస్టరు. ఫలానా ఏడు ఫలానా వేషం వేసింది ఆవిడ కాదు, ఈవిడ అని పత్రికలకి ఎన్ని ఉత్తరాలు రాశానో. ఒక పెద్ద విమర్శకుడు తప్పు ఒప్పుకుంటూ నాలుగు వరసలు అచ్చు వేశాడు. ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించాను. అది మోటారు పైన వేలాడుతోంది.

ఇక మహారాణి. ఆ పేరు మేం గ్యాలరీవాళ్ళం పెట్టిందే. మా నాటకశాలలో ఇరవై ఏళ్ళు నాయిక వేషాలన్నీ ఆవిడవే. పోయి పదేళ్ళవుతోంది. ఆవిడ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే వాళ్ళ చెప్పులు నేను ముట్టుకోను.

ముప్పై ఒక్కేళ్ళ కిందట ఒక ఆదివారం సాయంత్రం హంసల బ్యాలే వేశారు. అందులో నాయిక తెల్ల హంస. మూడో అంకంలో అదే మనిషి నల్ల హంసగా వచ్చి రాకుమారుణ్ణి మోసం చేస్తుంది. అక్కడ ఆవిడ ఒంటికాలి మునివేళ్ళ మీద నిలబడి, రెండో కాలు విసురుతూ, ముప్పై రెండు చుట్లు తిరగాలి. చాలామంది పదో చుట్టుకే పక్కకి జరిగిపోతారు. ఇరవయ్యో చుట్టుకి మొహంలో నవ్వు ఎండిపోతుంది. ఆ రోజు మహారాణి పాదం కింద మేకు దిగేసినట్టు ముప్పై రెండూ ఒక్కచోటే తిరిగింది. నాలుగో చుట్టులో తల పైకెత్తి గ్యాలరీ వైపు చూసింది. సరిగ్గా నా వైపు. జన్మకది చాలు.

ఈ కథ నేను షాపులో చెబుతాను, పెళ్ళిళ్ళలో చెబుతాను, అన్నయ్య ఇంట్లో భోజనాల దగ్గర మరీ మరీ చెబుతాను. మధ్యలో ఒక నవ్వుల ముక్క కూడా ఉంది. ఆ చుట్లు తిరుగుతున్నప్పుడు నా పక్కన నిలబడ్డ ఒకావిడ కమ్మీ పట్టుకుని "మా అమ్మాయి, మా అమ్మాయి" అని గొణగడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండి, నోరు మూసుకుని చూడమ్మా, ఆవిడ మీ అమ్మాయైతే నేను ఈ నాటకశాలకి ఓనర్ని అన్నాను. ఇక్కడ అందరూ పడీ పడీ నవ్వుతారు. సరిగ్గా ఇక్కడే మా వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. కళ్ళల్లో నిప్పులు పోసుకునే రకం కదా అని నేను సరిపెట్టుకునేవాణ్ణి.

ఎందుకంటే మా వదిన కూడా ఆ నాటకశాలలోనే ఆడేది. నాయిక కాదు. వెనక వరసలో ఇరవై నలుగురు హంసలు ఒకేలా చేతులాడిస్తారే, ఆ గుంపులో ఒకతి. మోకాలు పాడై మానేసింది. కట్టు కట్టుకుని బస్సెక్కుతుంటే, ఆ బస్సు నడిపే మా అన్నయ్య చెయ్యందించాడు. ఆ చెయ్యి ఇక వదల్లేదు. కొత్త కోడలు నాటకశాల మనిషని తెలిసి ఇంట్లో నా అంత సంబరపడ్డవాడు లేడు. మహారాణి గురించి ఎన్నో అడగొచ్చనుకున్నాను. ఆవిడేమో, మీ మహారాణికి కోపమొస్తే వేషం తొడిగే డ్రెస్సరు మీద బూటు విసురుతుంది, అది రాసుకో అంది. అక్కడ మొదలైంది.

పెళ్ళయిన కొత్తలో ఒక భోజనం దగ్గర నేను ఆ ఆదివారం కథ చెప్పాను. నవ్వులు ఆగాక వదిన మెల్లిగా, ఆ మూడో అంకం ఆడింది మహారాణి కాదు, నేను అంది. రెండో అంకం చివర మహారాణి మడమ బెణికిందట. మానేజరు టికెట్లు వాపసు ఇవ్వాల్సొస్తుందని ఎవరికీ చెప్పకుండా, వేషం మొత్తం వచ్చిన ఈవిడకి మొహం దిద్ది, నల్ల ఈకలు పెట్టి తోసేశాడట. నేను నవ్వాను. నా నవ్వు చూసి అందరూ నవ్వారు. గుంపులో కాకి కూడా హంసనంటుంది అన్నాను. ఆ మాట నేనే అన్నాను, ఇప్పుడు దాచి ఏం లాభం.

మర్నాడు వదిన తెగిన చెప్పు తీసుకుని షాపుకొచ్చింది. అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. చెప్పు అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ షాపు మెట్లు దిగలేదు. అంతవరకూ నన్ను నువ్వు అనే మనిషి, ఆ రోజు నుంచి మీరు అనడం మొదలుపెట్టింది. మరిదిగారూ అని గౌరవంగా పిలిచినప్పుడల్లా నాకు ఒళ్ళంతా కారం రాసినట్టుండేది.

అసలు సంగతి ఏమిటంటే, ఆవిడ చెప్పింది నేను ఎలా నమ్మను? నమ్మితే ఆరేళ్ళు కమ్మీ పట్టుకుని నిలబడ్డ నాకు మహారాణికీ ఒక గుంపు పిల్లకీ తేడా తెలియలేదని ఒప్పుకోవాలి. అంతకన్నా వదిన అబద్ధాలకోరు అనుకోవడం సుఖం. ముప్పై ఏళ్ళు ఆ సుఖం అనుభవించాను.

ఈ ఏడు నాటకశాలకి నూరేళ్ళు. పెద్ద పుస్తకం వేస్తున్నారు. ఆ పని చూసే అమ్మాయి, కళ్ళద్దాల పిల్ల, ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నాటకశాల కిందగదిలోకి నీళ్ళొచ్చి పాత కాగితాలన్నీ ముద్దయిపోయాయట. ఎవరెవరు ఏ రోజు ఏ వేషం వేశారో చెప్పడానికి నా నోటుబుక్కులు తప్ప ఊళ్ళో ఇంకే రాతా లేదట. నాకు ఆ వారమంతా కాళ్ళు నేలమీద ఆనలేదు. పుస్తకం చివర ఒక పట్టిక వస్తుందనీ, హంస నాయిక వేషం వేసిన ప్రతి ఒక్కరి పేరూ, తేదీతో సహా ఉంటుందనీ, పట్టిక కింద నా సంతకం అచ్చు వేస్తామనీ చెప్పింది. నోటిమాటలు తీసుకోం, రాతలే తీసుకుంటాం అని కూడా చెప్పింది.

ఆ సంగతి అన్నయ్య ద్వారా వదినకి చేరింది. ఒక మంగళవారం పొద్దున్నే షాపు మెట్ల మీద ఆ కుంటి అడుగు వినబడింది. జోళ్ళవాణ్ణి, నడక వింటే మనిషి తెలుస్తుంది. మోటారు ఆపకుండా పని చేసుకుంటున్నాను. ఆవిడే చెయ్యి చాపి స్విచ్చి ఆపేసింది.

"పట్టికలో నా పేరు ఉండాలి. ఒక్క వరస. మూడు, నాలుగు అంకాలు, ఆ తేదీ. అంతే."

రుజువేదీ అన్నాను. ఆ రోజు ఆడిన గుంపువాళ్ళని అడగమంది. ఇద్దరు దొరికారట, ఇద్దరూ గుర్తులేదన్నారట, అది కూడా ఆవిడే చెప్పింది. దాచలేదు. మానేజరు పోయాడు, డ్రెస్సరు పోయింది, మహారాణి పోయింది. మరి నా నోటుబుక్కులో సిరాతో మహారాణి అని ఉంది, సిరాతో రాసింది కొట్టం అన్నాను. చెబుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ముప్పై ఏళ్ళకి ఆవిడ నా చేతికి దొరికింది.

వదిన అద్దాల పెట్టె వైపు తిరిగింది. ఆ జోడు నాకెలా వచ్చిందని అడిగింది. తెలిసే అడుగుతోందని నాకు తెలుసు. ఆ రాత్రి ఆట అయ్యాక వెనక గుమ్మం దగ్గర కాచుకుని డ్రెస్సరుని బతిమాలాను. ముప్పై రెండు తిరిగిన జోడు ఇదే అని నవ్వుతూ నా చేతిలో పెట్టింది. దానికి బదులుగా ఏడాదిపాటు ఆవిడ చెప్పులన్నీ ఊరికే కుట్టిపెట్టాను.

"డ్రెస్సరు అబద్ధం చెప్పలేదు" అంది వదిన. "మహారాణి పాదం నాకన్నా వేలెడు పెద్దది. ఆవిడ జోడు నాకు పట్టదు. నావే వేసుకున్నాను. రెండిట్లో ఎక్కువ అరిగినది విప్పండి. లోపల అడుగు అట్టని మడమ వైపు మూడువేళ్ళ మేర కోసేశాను. వంటింటి కత్తితో కోశాను, వంకరగా వచ్చింది. అట్ట వెనక ఊదారంగు పెన్సిల్‌తో నా అంకె ఉంటుంది. ఇరవై మూడు. గుంపులో మాకు పేర్లుండవు కదా."

ఇదంతా ముప్పై ఏళ్ళ కిందట ఎందుకు చెప్పలేదని అడిగాను. నవ్వేవాళ్ళకి రుజువులు చూపించడం తనకి చేతకాదంది. మనుషులు నవ్వితే ఆ పూటతో పోతుంది, అచ్చులో పడితే పోదు, అందుకే వచ్చానంది. నేను ప్రాణం పోయినా ఆ జోడు మీద కత్తి పెట్టనని చెప్పాను. మహారాణి పాదం పెట్టిన జోడు అది. వదిన గుమ్మం దగ్గర ఆగి, విప్పితే అందులో ఏముంటుందో మీకూ అనుమానం ఉన్నట్టుందే మరిదిగారూ అని వెళ్ళిపోయింది. మోటారు ఆన్ చేసి, ఒకాయన మడమని అవసరం లేనంత అరగదీశాను. ఆయనకి కొత్త మడమ వెయ్యాల్సొచ్చింది.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. మా అన్నయ్య ఎప్పుడూ గోడమీద పిల్లే. స్టూలు మీద కూర్చుని, విప్పి చూస్తే పోయేదేముందిరా అన్నాడు. నువ్వు మీ ఆవిడ మాట నమ్ముతున్నావా అని అడిగాను. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరూ ఆ మాట తనని అడగలేదన్నాడు. నమ్ముతున్నాడో లేదో మాత్రం చెప్పలేదు. నిన్న నేను తన బూట్లకి వేసిన కొత్త మడమలు చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఐదు రోజులు ఆగాను. ఆరోనాడు మిట్టమధ్యాహ్నం షట్టరు దించి, పెట్టె తాళం తీశాను.

ఈ జోళ్ళకి కుట్టేటప్పుడు కుడీ ఎడమా ఉండవు. వేసుకునే మనిషి పాదమే దాన్ని కుడో ఎడమో చేస్తుంది. ముప్పై రెండు చుట్లూ ఎడమ కాలి మీద తిరుగుతారు కాబట్టి ఎడమది చచ్చిపోయి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే అది గుడ్డలా వాలింది. మునివేళ్ళ దగ్గర దట్టంగా, వరసగా, ఒక్క పోగు తప్పకుండా కుట్లు. మహారాణి ఎంత ఓపిగ్గా కుట్టుకుందో చూడండని వందలమందికి చూపించిన కుట్లవి. తోలుకి బెజ్జాలు పొడిచే ఆరెతో లోపలి గుడ్డ అంచు లేపాను. జిగురు పాతబడి పొడిలా రాలింది. అట్ట పట్టుకుని లాగాను. మూడువేళ్ళ మేర లేదు. కోసిన చోట వంకర. తిప్పి చూస్తే ఊదారంగులో ఇరవై మూడు.

దీపం దగ్గర పెట్టి మళ్ళీ చూశాను. ఇరవై మూడే.

తర్వాత చేసిన పని నన్ను ఇంకా దెబ్బతీసింది. ఆ ఏటి నోటుబుక్కు తీశాను. పైన సిరాతో మహారాణి పేరు, ఆట మొదలవకముందు అచ్చు కాగితం చూసి రాసింది. కింద విరామంలో రాసిన ముక్కలు. భుజాలు దించి తిరిగింది, కొత్త. చేతులు ఛాతీ దగ్గరగా, కొత్త. నాలుగో చుట్టులో పైకి చూసింది, ఎప్పుడూ చూడదు, కొత్త. మూడుసార్లు కొత్త అని రాసుకున్నాను. నా కళ్ళు సరిగ్గానే చూశాయి. మనిషి వేరని కళ్ళు చెబుతుంటే, పేరు ముందే రాసేశాను కదా, ఇంకెలా మారుస్తాను? ఆ రాత్రి మహారాణికి కొత్త ఊపు వచ్చిందనుకున్నాను. గ్యాలరీలో ఆరేళ్ళ అనుభవం ఉన్నవాడు మాత్రమే చెయ్యగల తప్పు ఇది. వానకి తలదాచుకోడానికొచ్చినవాడైతే, ఎవరో కొత్తమ్మాయి వచ్చింది అనుకుని ఊరుకునేవాడు.

అట్టని మళ్ళీ లోపల పెట్టి కొత్త జిగురు రాసి అంటించాను. నా పని నాకొచ్చు. విప్పినట్టు ఇంకో జోళ్ళవాడికి కూడా తెలియదు. పెట్టెలో పెట్టి తాళం వేశాను. నాకూ వదినకీ తప్ప ఈ సంగతి మూడోవాడికి తెలియదు, వదిన మాట ఎవరూ నమ్మరు. అలా అనుకుని షట్టరు ఎత్తాను. నేనేమీ మంచివాణ్ణి కాదని ముందే చెప్పాను.

రెండురోజులకి కళ్ళద్దాల పిల్ల అచ్చుకి వెళ్ళే కాగితాలు తెచ్చింది. పట్టికలో ఆ తేదీకి ఎదురుగా మహారాణి పేరు. పక్క పేజీలో నా మాటలే పెద్ద అక్షరాల్లో: ఆ రాత్రి ఆ పాదం కింద మేకు దిగేసినట్టుంది. చూసుకుని సంతకం పెట్టమంది. కలం తీశాను.

పెట్టలేకపోయాను. వదిన మీద జాలిపడి అనుకోకండి. ఆవిడ మీద నాకు ఆ క్షణంలో ఇంకా కోపం పెరిగింది, నా చేతిలో ఉన్నదంతా లాక్కుంది కాబట్టి. కానీ పైన ఫ్రేములో ఆ విమర్శకుడి నాలుగు వరసలు కనబడుతున్నాయి. ఒకరి చుట్లు ఇంకొకరి పేరున రాశాడని ఆ ముసలాయన్ని ఎన్ని మాటలన్నాను. తప్పు పేరు కింద నా సంతకం పడితే ఇక నేను రిజిస్టరు కాదు, పైగ్యాలరీలో టికెట్టు కొన్న ఎవడో. మహారాణి పేరు మీద అడ్డంగా గీత కొట్టాను. మూడు, నాలుగు అంకాలకి మా వదిన పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా రాశాను.

ఆ పిల్ల రాత కావాలంది, నోటిమాట చాలదంది. తాళం తీసి, మొన్న అంటించిన జోడుని ఆ పిల్ల కళ్ళముందే మళ్ళీ చింపాను. అంకె చూపించాను. నోటుబుక్కులో మూడు కొత్తలూ చూపించాను. ఫోటోలు తీసుకుని, ఈవిడ ఇంకా ఉన్నారా, ఈ ఊళ్ళోనే ఉన్నారా అని అడిగింది. మా వదినే అన్నాను.

"అయితే ముప్పై ఏళ్ళుగా ఆవిడ మీ ఇంట్లోనే ఉన్నారా?" అంది. ఆ పిల్లకి తెలియక అడిగింది. మొహం మీద కొట్టినట్టయింది.

ఆ పిల్ల వెళ్ళాక రసీదు పుస్తకం వెనక ప్రశ్నలు రాయడం మొదలుపెట్టాను. ఇది నా పిచ్చి, నాకు తెలుసు. నా జన్మలో చూసిన అన్నిటికన్నా గొప్ప ఆట ఆడిన మనిషి, నేను తిన్న కంచం కడిగింది. ఒక్క మాట అడగలేదు నేను. భుజాలు దించమని ఎవరు నేర్పారు? పదో చుట్టు దగ్గర ఊపిరి ఎలా తీసుకున్నావు? అరిగిన జోడు ఎప్పుడు మెత్తబడింది? వాద్యాలవాళ్ళు నీ కోసం వేగం తగ్గించారా? రాస్తూ పోతే నలభై ఒకటి అయ్యాయి. షాపు మూసి అన్నయ్య ఇంటికి నడిచాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

వదిన బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పేరు రాసిచ్చానని చెప్పాను. సరే అంది. ఇస్త్రీపెట్టె ఆపలేదు. ఇంకేదైనా అంటుందేమోనని నిలబడ్డాను. ఇంకో చొక్కా తీసి పరిచింది. కాగితం తీసి, కొన్ని ప్రశ్నలున్నాయన్నాను. తల కూడా ఎత్తలేదు. అభిమాని సిగ్గు గురించి నాకు చెప్పకండి, మాకు అది ఉండదు. ఒక్కటి చెప్పు చాలన్నాను. నాలుగో చుట్టులో పైకెందుకు చూశావు?

ఇస్త్రీపెట్టె నిలబెట్టి, మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"మా అమ్మ అక్కడ నిలబడింది. నీ పక్కన."

మిగతాది కూడా ఆవిడే చెప్పింది, గొంతు ఎత్తకుండా. గుంపులో ఆడే కూతుర్ని చూడ్డానికి వాళ్ళమ్మ ప్రతి ఆదివారం పాసు మీద గ్యాలరీకి వచ్చేదట. ఈకలు పెట్టినా, మొహం మార్చినా, కూతుర్ని అడుగు పెట్టగానే గుర్తుపట్టిందట. జోడుకి ఆ కుట్లు కుట్టింది కూడా వాళ్ళమ్మే.

"ఆ రాత్రి ఇంటికొచ్చి ఏం చెప్పిందో తెలుసా? పక్కనున్న నోటుబుక్కు కుర్రాడు నోరు మూసుకోమన్నాడే, పెద్ద తెలిసినవాడిలా ఉన్నాడు, భయమేసి చప్పట్లు కూడా కొట్టలేదు అంది. ఆ చలికాలంలోనే పోయింది. మళ్ళీ నాకు ఆ వేషం రాలేదు, ఆవిడ మళ్ళీ చూడలేదు. నువ్వు ఆ ముక్క చెప్పి ముప్పై ఏళ్ళు మా ఇంట్లో అందరినీ నవ్వించావు."

కాగితం ఎప్పుడు జేబులో పెట్టుకున్నానో గుర్తులేదు. క్షమించమని అందామనుకున్నాను. ఆ మాట రాకముందే ఆవిడ మళ్ళీ మీరులోకి వెళ్ళిపోయింది. ఆదివారం భోజనానికి రండి మరిదిగారూ, అందరూ వస్తున్నారు, ఆ కథ చెప్పాలి మీరు, ఈసారి నేను లేచి వెళ్ళను అంది. తలుపు తీసి పట్టుకుంది. మెట్లు దిగాను.

ఆదివారం వెళ్ళాను. ఎగ్గొడదామని చూశాను కానీ కాళ్ళు వెళ్ళాయి. బల్ల చుట్టూ పదకొండుమంది. భోజనాలయ్యాక వదిన నా ఎదురుగా కుర్చీ లాక్కుని చేతులు కట్టుకుని కూర్చుంది. అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మొదలుపెట్టాను. హంసల బ్యాలే, మూడో అంకం, ముప్పై రెండు చుట్లు. మహారాణి అనే చోట మా వదిన అన్నాను. కొందరు జోకనుకుని నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయారు. నవ్వుల ముక్క వచ్చింది. నా పక్కన ఈవిడ తల్లి నిలబడింది, మా అమ్మాయి అంది, నేను నోరు మూసుకోమన్నాను అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

వదిన అంతా విని, కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. రసీదు వెనక ప్రశ్నలు నలభై ఇంకా నా జేబులోనే ఉన్నాయి. ఒక్కదానికీ ఆవిడ జవాబు చెప్పదు. ఆవిడ చోట నేనున్నా చెప్పను.